మెస్సీకే చోటు దొరకని డ్రీమ్ టీమ్: ఆ పదకొండు పేర్లు ఎలా తేలతాయి?

యూరో 2024 ఫుట్‌బాల్ టోర్నీ ఫైనల్ అయిన వారంలో, బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీ హాల్లో రాత్రి భోజనాల దగ్గర పెద్ద గొడవే జరిగింది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ ప్రకటించిన టోర్నీ జట్టును ఫోన్‌లో చూసి గుంటూరు కుర్రాడొకడు అంతెత్తున లేచాడు. ‘‘ఇంగ్లండ్ కేన్ ఏడన్నా? టాప్ స్కోరర్లలో ఒకడు కదా, పదకొండు మందిలో పేరే లేదు. అసలీ టీమ్‌లో గోల్ ముందు నిలబడి కొట్టే సెంటర్ ఫార్వర్డ్ అనేవాడే లేడు!’’ ఎదురుగా పప్పు కలుపుకుంటున్న అనంతపురం అన్న తలెత్తకుండానే అందుకున్నాడు. ‘‘నీ కేన్‌దేముంది లేరా. 2014 ప్రపంచ కప్‌లో మెస్సీకే చోటు దొరకలేదు.’’ నమ్మనివాళ్లకు పాత జాబితా తీసి చూపించాడు కూడా. తిన్న చేతులు ఎండిపోయేదాకా వాదన సాగింది.

ఆ రాత్రి అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ‘డ్రీమ్ టీమ్’ అనే ఒక్క పేరు కింద నాలుగైదు వేరు వేరు ప్రశ్నలు తిరుగుతున్నాయి, అంతే. జవాబులను పక్కపక్కన పెట్టి కొట్టుకుంటున్నాం గానీ, ఏది ఏ ప్రశ్నకు జవాబో ఎవరమూ చూడటం లేదు.

## పేర్ల దగ్గరే మొదలయ్యే తికమక

మన దేశంలో ఈ మాట ఎక్కువమందికి ఫాంటసీ ఆటల ద్వారా తెలిసింది. అక్కడ మ్యాచ్ మొదలవక ముందే జట్టును ఎంచుకోవాలి. అది జోస్యం. టోర్నీ అయిపోయాక వెలువడే డ్రీమ్ టీమ్ తీర్పు. ఇక్కడ మాట్లాడుకునేది ఈ రెండోదాని గురించే. దీన్నే ఆల్ స్టార్ టీమ్ అనీ, టోర్నీ జట్టు అనీ కూడా అంటారు.

గోల్డెన్ బూట్ వేరు. అది లెక్క: ఎవరు ఎక్కువ గోల్స్ కొడితే వాళ్లది. గోల్డెన్ బాల్ అభిప్రాయం: టోర్నీ మొత్తానికి ఉత్తమ ఆటగాడు ఎవరని ఎంపిక చేసేవాళ్లు అనుకుంటే వాళ్లది. డ్రీమ్ టీమ్ కూడా అభిప్రాయమే, కాకపోతే దాని చుట్టూ ఒక గిరి గీసి ఉంటుంది. ఒక కీపర్, నలుగురో ముగ్గురో డిఫెండర్లు, మిగతావాళ్లు మిడ్‌ఫీల్డ్‌లో, ముందు వరుసలో సర్దుకోవాలి. అందుకే గోల్డెన్ బూట్ దక్కినవాడు ఈ జట్టులో ఉంటాడన్న హామీ లేదు. యూరో 2020లో క్రిస్టియానో రొనాల్డో, చెక్ రిపబ్లిక్ ఆటగాడు పాట్రిక్ షిక్ చెరో 5 గోల్స్‌తో అందరికంటే పైన నిలిచారు. టోర్నీ జట్టు ముందు వరుసలో కనిపించింది మాత్రం కియెజా, లుకాకు, స్టెర్లింగ్.

ఎంతమందిని ఎంచుతారన్నది కూడా ప్రతిసారీ ఒకటి కాదు. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా 1994 ప్రపంచ కప్‌కు 11 మందిని ప్రకటించింది. 1998, 2002ల్లో 16 మందిని, 2006లో ఏకంగా 23 మందిని. యూరోలో 2008, 2012ల్లో 23 మంది, 2016 నుంచి 11 మందే. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ కాదు. ఇరవై మూడు మందిని ఎంచడం పెళ్లి పిలుపుల జాబితా రాయడం లాంటిది, ఎవరినీ పెద్దగా నొప్పించక్కర్లేదు. పదకొండు అంటే సంక్రాంతికి బెంగళూరు నుంచి కారులో ఊరెళ్లడం. ఒకరు ఎక్కాలంటే ఒకరు దిగాల్సిందే. 2006 ప్రపంచ కప్ జాబితాలో ఏడుగురు ఇటలీవాళ్లు ఉన్నా ఫైనల్లో ఓడిపోయిన ఫ్రాన్స్ నుంచి నలుగురికి, జర్మనీ నుంచి నలుగురికి, పోర్చుగల్ నుంచి నలుగురికి చోటు దొరికింది. అంటే సెమీస్ ఆడిన నాలుగు జట్లకే 19 సీట్లు పోయాయి. మిగిలిన నాలుగింటిని అర్జెంటీనా, ఇంగ్లండ్, బ్రెజిల్ పంచుకున్నాయి.

## ఎంచేదెవరు: పెద్దలా, జనమా, ఫార్ములానా

ప్రపంచ కప్ చరిత్రలోనే మూడు పద్ధతులూ కనిపిస్తాయి. 1994 నుంచి 2006 వరకు ఫిఫా సాంకేతిక అధ్యయన బృందం కూర్చుని పేర్లు రాసింది. 2010లో, మళ్లీ 2018లో ఫిఫా వెబ్‌సైట్‌లో అభిమానులు ఓటేశారు. 2014లో క్యాస్ట్రాల్ ఇండెక్స్ అనే లెక్క ప్రకారం జట్టు తేలింది.

జనం ఓటుతో ఏం జరుగుతుందో 2018 చూపిస్తుంది. ఆ జట్టు ఇది: కూర్తువా, మార్సెలో, థియాగో సిల్వా, వరాన్, గోడిన్, డి బ్రూనే, కుటీనో, మోడ్రిచ్, కేన్, ఎంబాపె, రొనాల్డో. కప్పు గెలిచిన ఫ్రాన్స్ నుంచి ఇద్దరే. క్వార్టర్ ఫైనల్లో ఇంటికెళ్లిన బ్రెజిల్ నుంచి ముగ్గురు. పోర్చుగల్ ప్రీక్వార్టర్స్‌లోనే ఓడినా రొనాల్డో ఉన్నాడు. అదే టోర్నీలో గోల్డెన్ బాల్ మోడ్రిచ్‌కు, సిల్వర్ బాల్ హజార్డ్‌కు, బ్రాంజ్ బాల్ గ్రీజ్‌మన్‌కు ఇచ్చారు. అంటే టోర్నీలో రెండో, మూడో ఉత్తమ ఆటగాళ్లు అనిపించుకున్నవాళ్లకు అభిమానుల పదకొండులో చోటు లేదు. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డ్‌ను మోసిన కాంటే సంగతి సరేసరి.

ఇది జనం తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటే. ఓటరు ముందున్న ప్రశ్న ‘ఈ నెల రోజుల్లో ఎవరు బాగా ఆడారు’ అని రాసి ఉన్నా, చెయ్యి ‘నాకు ఎవరంటే ఇష్టం’ అన్నదానికి జవాబు నొక్కుతుంది. మా ఊళ్లోనే చూడండి, హలసూరు పక్కన గౌతమపురలో పెలే విగ్రహం ఉంది. అలాంటి వీధి నుంచి వచ్చే ఓటు బ్రెజిల్ లెఫ్ట్ బ్యాక్ మార్సెలోకు పడకుండా ఉంటుందా? ఆ ఓటులో కొలత కాదు, బంధుత్వం ఉంది. దాన్ని కొలతగా చదివితేనే చిక్కు.

పెద్దల బృందానికి ఈ బలహీనత తక్కువ. వాళ్లు మ్యాచ్‌లన్నీ చూస్తారు, మాజీ కోచ్‌లూ ఆటగాళ్లూ ఉంటారు. కానీ వాళ్లకు ఇంకో మొగ్గు ఉంటుంది, చివరిదాకా మిగిలిన జట్ల వైపు. యూరో 2012 జాబితాలో 23 మందిలో 10 మంది స్పెయిన్‌వాళ్లే. యూరో 2024లో పదకొండు మందిలో ఆరుగురు: కుకురేయా, రోడ్రి, ఫాబియన్ రూయిజ్, ఓల్మో, యమాల్, నికో విలియమ్స్. స్పెయిన్ ఏడు మ్యాచ్‌లూ గెలిచింది కాబట్టి ఇది అన్యాయం అనలేం. గెలిచినందువల్ల వాళ్లు గొప్పగా కనిపించారా, గొప్పగా ఆడినందువల్ల గెలిచారా అన్నది మాత్రం విడదీయడం కష్టం.

## ఫార్ములా మెస్సీని ఎందుకు వదిలేసింది

అనంతపురం అన్న చూపించింది 2014 నాటి క్యాస్ట్రాల్ జాబితా. నోయర్, రోహో, హమ్మెల్స్, థియాగో సిల్వా, డి వ్రై, క్రూస్, ఆస్కార్, లామ్, హామెస్ రోడ్రిగెజ్, ముల్లర్, రాబెన్. అదే టోర్నీలో గోల్డెన్ బాల్ అందుకున్న మెస్సీ పేరు ఇందులో లేదు. అర్జెంటీనా నుంచి ఎంపికైన ఒకే ఒక్కడు లెఫ్ట్ బ్యాక్ మార్కోస్ రోహో.

ఈ లెక్క ఎలా నడుస్తుందంటే, ఆటగాడు మైదానంలో చేసిన ప్రతి పనినీ, పాస్, టాకిల్ (ఎదుటివాడి కాళ్ల దగ్గర్నుంచి బంతి లాక్కోవడం), షాట్, అన్నింటినీ నమోదు చేసి, అది తన జట్టు గోల్ చేసే లేదా గోల్ తినే అవకాశాన్ని ఎటు జరిపిందో చూసి మార్కులు వేస్తుంది. పదికి ఇన్ని అని స్కోరు వస్తుంది. దీని ముందు పేరు, కీర్తి, గత చరిత్ర పనిచేయవు. తడబడకుండా, తప్పులు తక్కువగా, ప్రతి మ్యాచ్‌లో ఒకే తీరుగా ఆడేవాడు పైకి వస్తాడు. జర్మనీ మిడ్‌ఫీల్డర్ క్రూస్ అగ్రస్థానంలో ఉండటం అందుకే ఆశ్చర్యం కలిగించదు.

మెస్సీ ఆట ఆ పద్ధతికి పూర్తిగా ఎదురు. ఆ టోర్నీలో ఆయన కొట్టిన 4 గోల్సూ గ్రూప్ దశలోవే. నాకౌట్‌లో ఒక్క గోల్ లేదు. అయితే స్విట్జర్లాండ్‌పై ఎక్స్‌ట్రా టైమ్ ముగుస్తుండగా డి మరియాకు అందించిన ఒక్క బంతి అర్జెంటీనాను గట్టెక్కించింది. చాలాసేపు నడుస్తూ ఉండి, ఒక్కసారి కదిలి మ్యాచ్ తేల్చేసేవాడికి ఎన్ని మార్కులు వేయాలి? ఫార్ములా ఒక రకంగా జవాబిచ్చింది, గోల్డెన్ బాల్ ఎంపిక చేసిన బృందం మరో రకంగా. ఆ గోల్డెన్ బాల్ తననూ ఆశ్చర్యపరిచిందని నాటి ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటరే అన్నాడు, కాబట్టి బృందం జవాబు కూడా అందరికీ మింగుడుపడలేదు.

యంత్రం లెక్క కాబట్టి పక్షపాతం ఉండదు అనుకునేవాళ్లకు బ్రెజిల్ డిఫెండర్ థియాగో సిల్వా ఉదాహరణ చాలు. క్వార్టర్ ఫైనల్లో పసుపు కార్డు చూసినందువల్ల ఆయన సెమీస్ ఆడలేదు. ఆ సెమీసే జర్మనీ చేతిలో బ్రెజిల్ 1-7తో కుప్పకూలిన మ్యాచ్. ఆడనివాడి ఖాతాలో ఆ ఏడు గోల్స్ పడవు. ఫార్ములా తప్పు చేయలేదు, దాన్ని ఏం అడిగితే అదే చెప్పింది.

## పదకొండు మంది ఉత్తములా, ఉత్తమమైన పదకొండా

ఇప్పుడు గుంటూరు కుర్రాడి ప్రశ్నకు వద్దాం. కేన్ ఎందుకు లేడు?

యూరో 2024లో 3 గోల్స్‌తో ఆరుగురు సమానంగా నిలిచారు: కేన్, ఓల్మో, ముసియాలా, గాక్పో, జార్జియాకు చెందిన మికాతద్జే, స్లొవేకియాకు చెందిన ష్రాంజ్. అంకె ఒకటే, గోల్స్ ఒకటి కావు. మికాతద్జే మూడింటిలో రెండు పెనాల్టీలు, కాకపోతే మొదటిసారి యూరోలో అడుగుపెట్టిన చిన్న దేశాన్ని నాకౌట్‌కు తీసుకెళ్లిన గోల్స్ అవి. కేన్ మూడింటిలో ఒకటి పెనాల్టీ. ఓల్మో కొట్టిన మూడూ నాకౌట్‌లోనే: జార్జియా, జర్మనీ, ఫ్రాన్స్‌లపై ఒక్కొక్కటి. పైగా ఫైనల్ చివరి నిమిషాల్లో గోల్ గీత మీద నిలబడి తలతో బంతిని బయటకు పంపేశాడు. టాప్ స్కోరర్ల పట్టికలో ఆ క్లియరెన్స్‌కు గడే లేదు.

యూఈఎఫ్‌ఏ పరిశీలకులు 4-3-3 (నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డ్‌లో, ముగ్గురు ముందు) గీసుకుని ఓల్మోను మిడ్‌ఫీల్డ్‌లో పెట్టారు. ముందు ముగ్గురు యమాల్, ముసియాలా, నికో విలియమ్స్. ఈ ముగ్గురిలో ఎవరూ సెంటర్ ఫార్వర్డ్ కాదు. వాళ్లు ‘బాగా ఆడిన దాడి ఆటగాళ్లు ఎవరు’ అని తమను తాము ప్రశ్నించుకున్నారు. ‘నిజంగా మైదానంలోకి దిగితే గెలిచే జట్టు ఏది’ అని అడిగి ఉంటే పెనాల్టీ బాక్సులో నిలబడేవాడు ఒకడు కావాల్సి వచ్చేది, అప్పుడు కేన్ పేరు బల్ల మీదకు వచ్చేది. నా మటుకు నాకు మొదటి ప్రశ్నే నిజాయితీగా అనిపిస్తుంది. ఈ జట్టు ఎన్నడూ ఎవరితోనూ ఆడబోదు కదా. కానీ రెండో ప్రశ్న అడిగేవాళ్ల వాదన కూడా తీసిపారేసేది కాదు: జట్టు అని పేరు పెట్టాక అది జట్టులా ఉండాలి కదా అంటారు వాళ్లు.

స్థానాల గిరి ఇంకో చిక్కు తెస్తుంది. 2014లో జర్మనీ ఆటగాడు లామ్ మొదటి మ్యాచ్‌లు మిడ్‌ఫీల్డ్‌లో ఆడి, క్వార్టర్ ఫైనల్ నుంచి రైట్ బ్యాక్‌కు మారాడు. క్యాస్ట్రాల్ ఆయన్ని మిడ్‌ఫీల్డర్‌గా లెక్కేసింది. డిఫెండర్ అనుకుంటే ఎవరో ఒక డిఫెండర్ బయటికి పోయేవాడు, మిడ్‌ఫీల్డ్‌లో ఇంకెవరికో ఖాళీ దొరికేది. ఒక్క మనిషి మీద అతికించిన చీటీ మారితే ఇద్దరి పేర్లు తారుమారవుతాయి.

## తీసేసి చూస్తే: సలెంకో, బాజియో, ఛెత్రి

గోల్స్ బరువు తూచడానికి చాలామంది ఒక పరీక్ష వాడతారు. ఆ ఆటగాడి గోల్స్ తీసేస్తే జట్టు గతి మారేదా?

1994లో రష్యా ఆటగాడు ఒలెగ్ సలెంకో 3 మ్యాచ్‌ల్లో 6 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్‌ను బల్గేరియాకు చెందిన స్టోయిచ్‌కోవ్‌తో పంచుకున్నాడు. వాటిలో 5 ఒకే మ్యాచ్‌లో, కామెరూన్‌పై వచ్చాయి. ఇటలీ ఆటగాడు రాబర్టో బాజియో గ్రూప్ దశలో ఒక్క గోల్ చేయలేదు, తర్వాత 5 కొట్టాడు: నైజీరియాపై రెండు, స్పెయిన్‌పై ఒకటి, బల్గేరియాపై రెండు. మూడు మ్యాచ్‌లూ ఇటలీ 2-1తోనే నెగ్గింది. సలెంకో ఆరు గోల్స్ ఉన్నా రష్యా గ్రూప్ దాటలేదు, లేకున్నా దాటేది కాదు. బాజియో గోల్స్ తీసేస్తే ఇటలీ కథ ప్రీక్వార్టర్స్‌లోనే ముగిసేది. ఫిఫా బృందం ముందు వరుసకు రొమారియో, స్టోయిచ్‌కోవ్, బాజియోలను ఎంచింది. ఫైనల్ షూటౌట్‌లో పెనాల్టీ పైకి కొట్టేసిన బాజియోకు చోటు దక్కింది, సలెంకోకు లేదు.

పరీక్ష చక్కగా పనిచేసినట్టుంది కదా. ఇప్పుడు దాన్ని మన కంఠీరవ స్టేడియానికి తెద్దాం. దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే శాఫ్ ఛాంపియన్‌షిప్ 2023లో ఇక్కడే జరిగింది. జూలై 4న ఫైనల్లో భారత్, కువైట్ 1-1తో నిలిస్తే షూటౌట్‌లో మనవాళ్లు 5-4తో గెలిచారు. సునీల్ ఛెత్రి 5 గోల్స్‌తో టాప్ స్కోరర్, ఉత్తమ ఆటగాడు కూడా. ఆ ఐదూ గ్రూప్ దశలోవే: పాకిస్తాన్‌పై మూడు, నేపాల్‌పై ఒకటి, కువైట్‌పై ఒకటి. తీసేసి చూడండి. పాకిస్తాన్‌పై 4-0 కాస్తా 1-0 అవుతుంది, అయినా గెలుపే. నేపాల్‌పై 2-0 కాస్తా 1-0, అదీ గెలుపే. కువైట్‌తో 1-1 డ్రా కాస్తా 0-1 ఓటమి. ఆరు పాయింట్లతో భారత్ రెండో స్థానంలో సెమీస్‌కు వెళ్లేదే.

అయితే ఛెత్రిని జట్టులోంచి తీసేద్దామా? ఈ ఊళ్లో ఆ మాట అని చూడండి! పరీక్షలోనే లోపం ఉంది. పాకిస్తాన్‌పై పదహారో నిమిషానికల్లా 2-0 ఆధిక్యం వచ్చింది కాబట్టే మిగతా ఆట అలా సాగింది. మొదటి గోల్ లేకపోతే చివరిది కూడా అలాగే వచ్చేదని ఎవరు చెప్పగలరు? స్కోరు కార్డులోంచి అంకెను తీసేయొచ్చు, ఆటలోంచి గోల్‌ను తీయలేం. ఈ పరీక్షను తూకం రాయిగా కాక, వాదన మొదలుపెట్టడానికి మాత్రమే వాడటం మేలు.

## అందరికంటే కష్టం కీపర్‌తో

అదే శాఫ్ టోర్నీలో లెబనాన్‌పై సెమీస్ షూటౌట్‌లో, కువైట్‌పై ఫైనల్ షూటౌట్‌లో బంతులు ఆపినవాడు గుర్‌ప్రీత్ సింగ్ సంధూ. ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు మాత్రం సెమీస్‌లో ఓడిన బంగ్లాదేశ్ కీపర్ అనిసుర్ రహ్మాన్ జికోకు వెళ్లింది. మనవాళ్లలో కొందరికి అది నచ్చలేదు. కానీ భారత్ తరఫున ఆ టోర్నీలో అమరీందర్ సింగ్ కూడా గోల్ కాశాడు, పైగా బలమైన జట్టు కీపర్‌కు పని తక్కువ.

ఒక ఊహాలెక్క చేద్దాం. మొదటి కీపర్ మీదకు టోర్నీలో గోల్ వైపు 8 షాట్లు వచ్చాయి, 2 గోల్స్ పడ్డాయి. రెండో కీపర్ మీదకు 30 వచ్చాయి, 6 పడ్డాయి. తిన్న గోల్స్ చూస్తే మొదటివాడు మేలు. ఆపిన శాతం చూస్తే మొదటివాడిది 75, రెండోవాడిది 80, కాబట్టి రెండోవాడు మేలు. ఇక షాట్ల నాణ్యత కూడా లెక్కేద్దాం. ఎక్స్‌జీ అని వినే ఉంటారు: ఒక షాట్ గోల్ అయ్యే అవకాశం నూటికి ఎంతో అంచనా వేసి, వాటిని కూడటం. పెనాల్టీ విలువ మూడు వంతుల గోల్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, నలభై గజాల నుంచి కొట్టినది దాదాపు సున్నా. మొదటివాడి మీదకు వచ్చిన ఎనిమిదీ దగ్గరి షాట్లు, మొత్తం విలువ 3.5 అనుకుందాం. అంటే 1.5 గోల్స్ ఆదా చేశాడు. రెండోవాడివి ఎక్కువగా దూరపువి, విలువ 6.5 అనుకుంటే ఆదా 0.5. మళ్లీ మొదటివాడే ముందుకొచ్చాడు. ఒకే ఇద్దరు మనుషులు, మూడు కొలతలు, రెండుసార్లు తీర్పు తలకిందులు.

డిఫెండర్లది ఇంకో బాధ. సరైన చోట నిలబడి, బంతి తన వైపు రాకుండానే చేసినవాడికి టాకిళ్ల పట్టికలో సున్నా ఉంటుంది. ఆ పని హైలైట్స్‌లోనూ కనిపించదు. యూరో ఫైనల్ మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైంది. పొద్దున్నే ఆఫీసు క్యాబ్‌లో మూడు నిమిషాల వీడియో చూసినవాడికి విలియమ్స్ గోల్ గుర్తుంటుంది, రోడ్రి ఎక్కడ నిలబడ్డాడో ఎలా తెలుస్తుంది?

## ఓటు ఎప్పుడు పడిందన్నది కూడా లెక్కే

2002 ప్రపంచ కప్‌లో జర్మనీ కీపర్ ఆలివర్ కాన్‌కు గోల్డెన్ బాల్ వచ్చింది. ఓట్లు ఫైనల్‌కు ముందే పడ్డాయి. ఆ ఫైనల్లో రివాల్డో షాట్ ఆయన చేతుల్లోంచి జారితే బ్రెజిల్ రొనాల్డో (క్రిస్టియానో కాదు) వచ్చి గోల్ కొట్టాడు, బ్రెజిల్ 2-0తో గెలిచింది. 2006లో ఫ్రాన్స్ ఆటగాడు జినెదిన్ జిదాన్ ఫైనల్ ఎక్స్‌ట్రా టైమ్‌లో ఇటలీ ఆటగాడు మాతెరాజ్జీ ఛాతీ మీద తలతో గుద్ది రెడ్ కార్డు చూశాడు. చాలామంది పాత్రికేయులు అప్పటికే గోల్డెన్ బాల్‌కు ఓటేసేశారు. 2,012 పాయింట్లతో జిదాన్ మొదట, 1,977తో ఇటలీ డిఫెండర్ కన్నవారో తర్వాత. తేడా 35. తలతో గుద్దాక ఓటేసి ఉంటే ఆ 35 నిలిచేవా అని నాకూ అనుమానమే.

దీనికి పూర్తి వ్యతిరేకం స్పినజోలా. యూరో 2020 క్వార్టర్ ఫైనల్లో కాలి మడమ వెనక కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ (అకిలిస్ టెండన్) తెగి, ఆ ఇటలీ లెఫ్ట్ బ్యాక్ సెమీస్, ఫైనల్ ఆడలేదు. అయినా టోర్నీ జట్టులో ఉన్నాడు. చివరి మ్యాచ్‌కు ఎక్కువ బరువు ఇవ్వాలనేవాళ్లకు ఇది మింగుడుపడదు, మొత్తం సగటు చూడాలనేవాళ్లకు ఇదే న్యాయం.

2026 ప్రపంచ కప్‌కు జట్లు 48 అయ్యాయి, మ్యాచ్‌లు 104. ఫైనల్ ఆడేవాళ్లకు అది ఎనిమిదో మ్యాచ్, గ్రూప్‌లోనే పోయేవాళ్లకు మూడే. సలెంకో లాంటివాడికీ ఫైనలిస్టుకూ మధ్య దూరం ఇంకో మ్యాచ్ పెరిగిందన్నమాట. 104 మ్యాచ్‌లూ కూర్చుని చూసేవాడు ఒక్కడూ ఉండడు కాబట్టి, ఫార్ములా మీద ఆధారపడటం పెరుగుతుందని నా అంచనా.

ఆ రాత్రి మా పీజీలో చివరికి ముగ్గురు మూడు జాబితాలు రాశారు, ఒక్కో దాని మీద ఒక్కో ప్రశ్న పెట్టుకుని. గుంటూరు కుర్రాడు ‘రేపు మ్యాచ్ ఉంటే’ అని రాసి కేన్‌ను చేర్చాడు, ముసియాలాను తీసేశాడు. అనంతపురం అన్న ‘చిన్న జట్ల నుంచి’ అని మికాతద్జేను పెట్టాడు. నాది ‘నాకౌట్ మాత్రమే’. మూడింటిలోనూ ఓల్మో ఉన్నాడు. ఫ్రిజ్ తలుపుకు అంటించాం. పొద్దున చూస్తే వంట అక్క నా జాబితా వెనక్కి తిప్పి పాల ప్యాకెట్ల లెక్క రాసుకుంది.